పేట పాట – 9: పిల్లలకి ఇది చాలన్నారు



ఈ వారం చావు డప్పు గురించి రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే వారానికి పెట్టుకుందాం. మధ్యలో ఒక ఫోను వచ్చింది, అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టట్లేదు.

కోనసీమలో మా పక్కూరి పేట కుర్రోళ్ళు అంబేడ్కర్ భవనంలో ఒక గది బాగుచేసి పిల్లలకి సంగీతం నేర్పుదామనుకుంటున్నారు. కువైట్‌లో పనిచేసే అక్కలూ, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే తమ్ముళ్ళూ తలో చెయ్యీ వేశారు. ఒక కీబోర్డు, రెండు పాత లాప్‌టాప్‌లు కొంటారు. లాప్‌టాప్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వెయ్యాలన్న దగ్గర తగువు వచ్చింది. పూర్తిది వెయ్యాలా, కొత్తగా నేర్చుకునేవాళ్ళ కోసం కుదించిన చిన్న వెర్షన్ వెయ్యాలా? కమిటీలో ఒక పెద్దాయన, మనవాడే, మంచివాడే, "మన పిల్లలకి ఇది చాల్లెండి" అన్నాడంట. "అన్నా, మీరు కీబోర్డు వాయించినోరు కదా, మీరేవంటారు?" అని ఆ కుర్రోడి ప్రశ్న.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. "చాలు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. మన జీవితాల్లో ఆ మాట మనం అన్నది తక్కువ, మన గురించి ఇంకొకరు అన్నది ఎక్కువ.

తెలియనివాళ్ళ కోసం ముందు ఇదేమిటో చెప్తాను. పాటకి తోడు వాయించే సాఫ్ట్‌వేర్ ఇది. పాటలో ఏ చోట ఏ కార్డ్ రావాలో వరసగా టైపు చేసి, ఏ తీరులో వాయించాలో ఎంచుకుంటే చాలు. డ్రమ్సు, బేసు, గిటారు, పియానో అన్నీ అదే వాయించేస్తుంది, మనం పైన పాడుకోవచ్చు. కెనడాలో పీటర్ గానన్ అనే ఆయన చేసిన బ్యాండ్-ఇన్-ఎ-బాక్స్ 1990లో వచ్చింది. ఇప్పుడు దాని పెద్ద ప్యాకేజీల్లో నిజం వాద్యకారులు వాయించగా రికార్డు చేసిన ట్రాకులు గుట్టలుగా ఉంటాయి, అన్నీ కావాలంటే విడిగా హార్డ్‌డిస్కు ఉండాల్సిందే. ఫోనులో అయితే మాసిమో బియోల్కాటి అనే బేస్ వాద్యకారుడు చేసిన ఐరియల్ ప్రో ఉంది. మన దేశంలో ఈ దారి ఇంకా ముందే మొదలైంది. బెంగళూరులో జి. రాజ్‌నారాయణ్ అనే ఇంజనీరు, ఆయన వేణువు విద్వాంసుడు కూడా, 1979లోనే ఎలక్ట్రానిక్ తంబూర చేశాడు. పక్కన తంబూర వేసే మనిషి లేని లోటు అలా తీరింది. మన చర్చిల్లో ఎడం చేత్తో కార్డ్ పట్టుకుంటే తాళం మోగే కీబోర్డు ఉంటుంది చూడండి, అదీ ఈ జాతిదే.

ఇప్పుడు నా కథ.

1995లో మా పిన్ని కువైట్ నుంచి వస్తూ ఒక క్యాసియో కీబోర్డు తెచ్చింది. అక్కడ ఒక ఇంట్లో పనిచేసేది. ఆ ఇంటి పిల్లలు ఆడి ఆడి వదిలేశారని ఇచ్చేశారంట. దాంతో వచ్చిన పుస్తకం అక్కడే పోయింది. అప్పటికి మా చర్చిలో ఒక హార్మోనియం, ఒక ఢోలక్, రెండు జతల తాళాలు. హార్మోనియం మీద ఇద్దరు పెద్దోళ్ళు తప్ప చెయ్యి వెయ్యకూడదు.

అంతకు ముందు ఏడే నేను టౌనులో సంగీతం చెప్పే ఒకాయన దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో నిలబెట్టి "ఏ పేటబ్బాయ్?" అని అడిగారు. చెప్పాను. "ఇప్పుడు ఖాళీ లేదు, దసరా వెళ్ళాక రా" అన్నారు. దసరా వెళ్ళాక వెళ్ళాను. సంక్రాంతి వెళ్ళాక రమ్మన్నారు. మళ్ళీ వెళ్ళలేదు. సైకిలు తొక్కి తొక్కి పిక్కలు పీకడం తప్ప దానివల్ల వచ్చిందేమీ లేదు.

అలాంటి నాకు క్యాసియో దొరికింది. ఎడం వైపు ఒక్క మెట్టు నొక్కితే మేజర్ కార్డ్. దాంతోపాటు కుడి పక్కన ఇంకో మెట్టు నొక్కితే మైనర్. మూడు నొక్కితే సెవెన్త్. ఒక్క సాయంత్రంలో వచ్చేసింది. ఆ ఆదివారం ఆరాధనలో వాయించాను. అమ్మ ఏడ్చింది. పాస్టరుగారు అందరి ముందూ పేరు పెట్టి పిలిచారు. ఆ డబ్బా నన్ను ఏ పేటని అడగలేదు. గుమ్మంలో నిలబెట్టలేదు. అందుకే సులువు చేసిన సాధనాల్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నాకు కోపం వస్తుంది. గురువు దొరికినవాళ్ళకి అది బొమ్మ. దొరకనివాళ్ళకి అదే గురువు.

పన్నెండేళ్ళు అలాగే వాయించాను. క్యాసియో పోయి యమహా వచ్చింది. అక్కడా ఒక వేలే. పాట ఏ శ్రుతిలో ఉన్నా సి మేజర్, ఎ మైనర్ వేళ్ళు పెట్టి ట్రాన్స్‌పోజ్ మీట నొక్కెయ్యడమే. క్రిస్మస్ సీజన్లో రోజుకి రెండు మీటింగులు. మా చుట్టుపక్కల నేనే పెద్ద కీబోర్డు ప్లేయర్ని.

2007లో రాజమండ్రిలో ఒక ఆర్కెస్ట్రాకి మనిషి కావాలంటే వెళ్ళాను. వాళ్ళ కీబోర్డు ఇచ్చి, పాట చెప్పి, "ట్రాన్స్‌పోజ్ ముట్టుకోకుండా ఈ శ్రుతిలో వాయించు బాబూ" అన్నారు. నా చెయ్యి గాల్లో ఉండిపోయింది. రెండో నిమిషంలో ఆయన నవ్వి "సింగిల్ ఫింగరా? మీ మీటింగులకి సరిపోద్దిలే" అన్నాడు. తిరుగు బస్సులో రావులపాలెం వంతెన దాటేదాకా కిటికీలోంచి తల ఇటు తిప్పలేదు.

ఆ నవ్వు కంటే తర్వాత తెలిసిన సంగతి ఎక్కువ బాధపెట్టింది. ఇంటికొచ్చి అటక మీది పాత క్యాసియో దించి చూశాను. నేను పన్నెండేళ్ళ కిందట నొక్కిన ఆ జారుడు మీటలో, "క్యాసియో కార్డ్" అన్న గీతకి పక్క గీతే "ఫింగర్డ్". అర అంగుళం దూరం. అటు జరిపితే మూడు వేళ్ళతో అసలు కార్డ్ పట్టాలి, అదే సంగీతం. ఆ గీత ఎందుకుందో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు, నాకు వచ్చేసిందనుకున్నాను. ముప్ఫై ఏళ్ళు నిండే దాకా నేను బిగినర్నని నాకే తెలియదు.

కాబట్టి సులువు దారి తప్పు కాదు. నా క్యాసియోలో సులువూ, అసలూ ఒకే డబ్బాలో పక్కపక్కనే ఉన్నాయి. కుదించిన సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండో గీతే ఉండదు. జరుపుదామన్నా మీట ఉండదు. ఆ కమిటీ పెద్దాయనకి మొదట చెప్పాల్సింది ఇదే అనుకున్నాను.

రెండోది తాళం సంగతి. ఇది కొంచెం వివరంగా చెప్పాలి.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు గ్రోవ్స్‌తో కలిసి వచ్చారు, నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. మన పేటల్లో పాట తీరు మారింది అప్పట్నుంచే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీ ఇంట్లో ఉంటే ఒకసారి తెరవండి. చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం రాసి ఉంటాయి. ఆది, ఏక, రూపక, చాపు. పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనలు చూడండి. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఆయన శాస్త్రీయ సంగీతపు బాణీలో రాశారు. వాటిని తరతరాలు మోసింది ఎవరు? నాట్లు వేసే ఆడవాళ్ళు. అక్షరం రాని మా నానమ్మలు. "పేట వాళ్ళకి చాపు తాళం కష్టం, వీళ్ళకి తేలిక పుస్తకం వేద్దాం" అని ఎవరైనా అనుకుని ఉంటే ఆ పాటలు మా దాకా వచ్చేవా? పూర్తి పాటే ఇచ్చారు. చెవితో పట్టుకున్నారు. కష్టమని ఎవరూ వాళ్ళకి చెప్పలేదు కాబట్టి కష్టం కాలేదు.

ఇప్పుడు నేను చేసిన పాపం చెప్తాను. చాపులో, అంటే మిశ్ర చాపులో, ఏడు మాత్రలుంటాయి. తకిట తకధిమి. నా క్యాసియోలో నాలుగుంది, మూడుంది, ఏడు లేదు. నేనేం చేశానంటే ఏడు మాత్రల పాటకి చివర ఒక మాత్ర సాగదీసి ఎనిమిది చేశాను. నాలుగు నాలుగులుగా డబ్బాలో సరిపోయింది. కుర్రోళ్ళకి హుషారుగా ఉంది, చప్పట్లు కొట్టారు. మా నానమ్మ మాత్రం రెండో చరణం దగ్గర పాడటం ఆపేసింది. ఇంటికెళ్ళాక "పాట కుంటుతోందిరా అయ్యా" అంది. "నీకు తెలీదే నానమ్మా, ఇది రిథమ్" అన్నాను. ఆ తర్వాత ఆవిడ ఆ పాట చర్చిలో పాడలేదు. 2003లో పోయింది. ఇవాళ మా చర్చిలో ఆ పాట అందరూ ఎనిమిదిలోనే పాడతారు. నాకు బుద్ధొచ్చి ఏడులో పాడితే, "అన్నా, తాళం తప్పుతున్నారు" అని పదిహేనేళ్ళ పిల్లాడు నన్ను దిద్దాడు. వాణ్ణి ఏమనగలను? వాడు విన్నది నేను చెడగొట్టిన పాటే.

తర్వాత భారతీయుల కోసమే తయారైన కీబోర్డులు వచ్చాయి. యమహా పీఎస్ఆర్-ఐ వరసలో తబలా, తంబూర ధ్వనులున్నాయి. సంతోషమే. కానీ నా చేతికొచ్చిన ఏ బోర్డులోనూ డప్పు దొరకలేదు. "ఇండియన్" అని రాసి ఉన్న మీట నొక్కినప్పుడల్లా అందులో మా పేట ఉందేమోనని వెతుక్కున్నాను.

బిగినర్ అంటే ఎవరు? ఈ సాఫ్ట్‌వేర్లు చేసేవాళ్ళు ఊహించుకునే బిగినర్‌కి నాలుగు మాత్రల తాళం సులువు, ఏడు కష్టం. కాబట్టి కుదించేటప్పుడు మొట్టమొదట తీసేసేది విడ్డూరమైన తాళాలు. ఆ తర్వాత సొంత తాళం అల్లుకునే కిటికీ. ఆ తర్వాత బయటి ధ్వని తెచ్చి పెట్టుకునే వీలు. కొన్నిటిలో చేసింది దాచుకునే వీలు కూడా. మా పేట పిల్లది అలా కాదు. దానికి ఏడు మాత్రలు అరికాళ్ళలో ఉన్నాయి, జాతరలో డప్పు వెనకాల గంతులేసి నేర్చుకుంది. దానికి రానిది "కార్డ్" అన్న మాట, ఇంగ్లీషు మెనూ, మౌసు పట్టుకోవడం. వచ్చింది తీసేసి, రానిది వదిలేసే వెర్షన్‌ని దానికి సులువైనదని ఎలా అంటాం?

తీసేసినవన్నీ ఒక వైపు పెట్టి చూడండి. చేసుకునేవన్నీ పోయి వాడుకునేవి మాత్రం మిగులుతాయి. ఇది మనకి కొత్త కాదు. రాత్రి బడిలో మా అమ్మమ్మకి సంతకం నేర్పారు. వేలిముద్ర పోయింది, అక్షరాస్యుల లెక్కలో కలిసింది. ఊరంతా పండగ. ఆ సంతకం ఆవిడ మొదటిసారి పెట్టింది అప్పు కాగితం మీద. దాంట్లో ఏం రాశారో చదవడం ఎవరూ నేర్పలేదు. ఆవిడకి ఇచ్చింది చదువులో బిగినర్ వెర్షన్ అన్నమాట. వేలిముద్ర కంటే సంతకం మేలు కాదా అంటే మేలే. అక్కడితో ఆపేసి "చాలు" అన్నవాళ్ళ మీదే నా గొడవ.

ఇంతదాకా చదివి "సరే, పూర్తి వెర్షనే వెయ్యమంటాడు" అనుకుంటున్నారు కదా. నేనూ అలాగే అనుకుని పోయినేడాది వేసవిలో దెబ్బతిన్నాను.

ఆవేశంగా మా పేట పిల్లలకి క్లాసు పెట్టాను. స్టూడియోల్లో వాడే పెద్ద సాఫ్ట్‌వేర్ ఒకటి లాప్‌టాప్‌లో వేశాను. మన పిల్లలకి తక్కువదెందుకని రొమ్ము విరుచుకున్నాను. మొదటి రోజు పదకొండు మంది వచ్చారు. తెర నిండా మీటలు, ముళ్ళు, గీతలు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్, పది నిమిషాలకోసారి బిగుసుకుపోయేది. మూడు రోజులూ అది ఏమిటో, ఇది ఏమిటో చెప్పడంతోనే సరిపోయింది. ఒక్క దరువూ మోగలేదు. నాలుగో రోజుకి ముగ్గురు మిగిలారు. అందులో ఎనిమిదో తరగతి చదివే మా తమ్ముడి కూతురు మెల్లగా అంది: "పెదనాన్నా, నాకు ముందు ఒక్క దరువు మోగితే చాలు."

అదే మాట. చాలు. కానీ ఆ పిల్ల అన్నది తన గురించి, ఈ రోజు గురించి. కమిటీ పెద్దాయన అన్నది వేరేవాళ్ళ గురించి, ఎప్పటికీ. మాట ఒకటే అయినా నాకు అక్కడే తేడా కనబడింది. నా తప్పూ కనబడింది. నేను పిల్లల కోసం క్లాసు పెట్టలేదు. ఆర్కెస్ట్రాలో నవ్విన మనిషికి జవాబు చెప్పడానికి పెట్టాను.

మా తాత కాలవ మీద పడవ లాగేవాడు. లొల్ల లాకుల సంగతి ఆయనే చెప్పేవాడు. ఎగువ నీళ్ళు ఎత్తులో ఉంటాయి, దిగువ నీళ్ళు పల్లంలో. పడవ ఎక్కలేదు. లాకు గదిలోకి తెచ్చి వెనక తలుపు మూస్తారు. నీళ్ళు నెమ్మదిగా వదుల్తారు. పడవ తనంతట తనే పైకి లేస్తుంది. మట్టం సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయ్యాక ఈ కాలవల మీద కొబ్బరీ ధాన్యమూ నడిచింది అలాగే. నేర్చుకునేవాడికి ఆ గది కావాలి. నేను వేసవిలో చేసింది లాకు లేకుండా పడవని వరదలోకి తొయ్యడం. కుదించిన వెర్షన్ చేసేది ముందు తలుపు లేని లాకు కట్టడం. నీళ్ళు నిండుతాయి, పడవ లేస్తుంది, అక్కడే తిరుగుతూ ఉంటుంది. ఫోన్ యాపుల్లో తాళం కప్ప బొమ్మని పిల్లలు "లాక్" అంటారు. మా తాత లాకు తెరుచుకునేది.

ఆ వేసవిలోనే దారి మార్చాను. హైడ్రోజన్ అని ఒక డ్రమ్ సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం, పాత లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. తెర మీద ఎడం పక్క వాద్యాల పేర్లు, కుడి పక్క గళ్ళు. గడి మీద నొక్కితే అక్కడ దెబ్బ పడుతుంది. మొదటి రోజు మిగతావన్నీ పక్కకి నెట్టి గళ్ళు మాత్రం చూపించాను. పావుగంటలో దరువు మోగింది. మూడో రోజుకి ఏడుగురు తిరిగొచ్చారు. వారం అయ్యాక, ఎన్ని గళ్ళు కావాలో మనమే చెప్పొచ్చని చూపించాను. మాత్రకి రెండు చొప్పున పద్నాలుగు గళ్ళు, అంటే మన చాపు. మా తమ్ముడి కూతురు నన్ను అడక్కుండానే పెట్టేసింది.

తర్వాత వాళ్ళకే పుట్టింది ఆలోచన. ఇందులో డ్రమ్సు ధ్వనులే ఎందుకుండాలి? మా పెదనాన్న డప్పు మానేసి ఇరవై ఏళ్ళు. డప్పు కులపు బరువు కాబట్టి దించెయ్యాలన్న తరం ఆయనది. అది మన కళ కాబట్టి ఎత్తుకోవాలన్న తరం మాది. ఆ వాదన ఇంట్లో తెగలేదు, ఇక్కడా తెగదు. పిల్లలు వెళ్ళి "తాతా, ఒక్కసారి" అని కూర్చున్నారు. ఆయన తిట్టాడు. సాయంత్రం తాటాకు మంట వేసి డప్పు కాచాడు. మధ్యలో ఒక దెబ్బ, అంచు మీద ఒక దెబ్బ, చిన్న పుల్లతో ఒకటి. మూడూ ఫోనులో రికార్డు చేసి, కోసి, సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు. కుదించిన వెర్షన్ అయితే ఈ తలుపు దగ్గర తాళం కప్ప ఉండేది.

రాత్రి పద్నాలుగు గళ్ళలో మా పెదనాన్న డప్పు మోగింది. ఆయన కాసేపు విని, "రెండో దెబ్బ ముందుకొచ్చేసింది, వెనక్కి జరుపు" అన్నాడు. పిల్ల జరిపింది. "ఆఁ" అన్నాడు. అంతే.

కాబట్టి ఆ కుర్రోడికి నేను చెప్పింది ఇది. వెర్షన్ పూర్తిది వెయ్యండి, తెర చిన్నది చెయ్యండి. కొనేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. పిల్లలు చేసింది దాచుకోగలరా? మాత్రలు ఎన్నో వాళ్ళే చెప్పగలరా? బయటి ధ్వని లోపలికి తేగలరా? సులువు మీట పక్కన అసలు మీట ఉందా? నాలుగింటికీ అవునంటే, ఉచితమైనా పాతదైనా తీసుకోండి. ఒక్కదానికి కాదన్నా, ఎంత అందంగా ఉన్నా వద్దు. కీబోర్డులో మొదటి నెల ఒక్క వేలే వాయించనివ్వండి, ఆ సంతోషం వాళ్ళకి దక్కాలి. రెండో నెల మూడు వేళ్ళు. ట్రాన్స్‌పోజ్ మీట మీద ఆర్నెల్లు ప్లాస్టర్ అంటించండి. మెనూలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కాబట్టి తెలుగులో ఒక అట్ట రాసి గోడకి తగిలించండి. నెలకోసారి ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి "పక్క గీత ఎందుకుందో తెలుసా?" అని అడగాలి. నాకు ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేకపోయారు.

ఆ పెద్దాయన ఇంకా ఒప్పుకోలేదంట. "ముందు చిన్నది వేద్దాం, పిల్లలు అడిగితే పెద్దది చూద్దాం" అంటున్నాడు. అడగడానికి పెద్దది ఒకటుందని పిల్లలకి తెలియాలి కదండీ. వచ్చే ఆదివారం మీటింగు. నన్ను రమ్మన్నారు. అటక మీది క్యాసియో దించి తుడిచాను, చంకన పెట్టుకుని వెళ్తాను. ఉపన్యాసం ఏమీ ఇవ్వను. ఆ మీట ఒకసారి ఆయన చేతే అటు జరిపిస్తాను.

ఏమైందో వచ్చే భాగంలో రాస్తాను. చావు డప్పు ఆ తర్వాత.

జై భీమ్.